రాత్రంతా 310 వాట్లు: మా సోలార్ పెట్టెకి అదనపు బ్యాటరీలు కలిపిన డైరీ

జూన్

ఈ పనంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతోంది: 310 వాట్లు. చిన్నాన్న రాత్రిపూట పెట్టుకునే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గది గాలిలోంచి ఆక్సిజన్ని వేరుచేసి ఇచ్చే మిషన్) లాగే కరెంటు అది. మిషన్ వెనక స్టిక్కరు మీద 350 అని ఉంది. ప్లగ్గుకీ మిషన్‌కీ మధ్య వాట్ మీటరు పెట్టి చూస్తే 310 దగ్గర నిలబడింది. డాక్టరు ఆయనకి రాసింది నిమిషానికి 2 లీటర్లు. మిషన్ 5 లీటర్లది కదా, ఫ్లో తగ్గిస్తే కరెంటు కూడా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మా మిషన్‌లో తగ్గదు. ఫ్లో ఎంతున్నా లోపల కంప్రెసర్ ఒకే జోరున తిరుగుతుంది. నాబ్ ఎటు తిప్పినా మీటరు పెద్దగా కదల్లేదు.

నా దగ్గర ఒక సోలార్ పెట్టె ఉంది. రెండేళ్ల కిందట సొంతంగా కట్టుకున్నాను. లోపల 12.8 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీలో పట్టే ఛార్జీ కొలత) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, 1000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు, 30 ఆంపియర్ల ఎంపీపీటీ ఛార్జ్ కంట్రోలరు (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చి నింపేది). బయట 335 వాట్ల ప్యానెల్. కరెంటు పోతే రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, వైఫై, ఫోన్లు దర్జాగా నడిచిపోయేవి. కాన్సంట్రేటర్ తగిలిస్తే మాత్రం లెక్క మారిపోతుంది. ఇన్వర్టరు తనే కొంత తినేస్తుంది కాబట్టి 310 కాస్తా బ్యాటరీ వైపు 350 అవుతుంది. బ్యాటరీలో ఉన్నది 1280 వాట్-అవర్లు. అడుగున పదోవంతు వదిలేస్తే మూడుంపావు గంటలు. రాత్రి 9కి పెట్టుకుంటే పన్నెండు దాటాక ఎప్పుడో ఆగిపోతుంది. తెల్లారి 6 దాకా నడవాలంటే 9 గంటలు, అంటే 3150 వాట్-అవర్లు. ఇలాంటి బ్యాటరీలు మొత్తం మూడు కావాలి. ఒకటి ఉంది, ఇంకో రెండు కలపాలి.

ఎందుకింత పట్టుదలంటే మాది పలాస దగ్గరి ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు, కరెంటు స్తంభాలు అన్నీ నేలకొరిగాయి. కరెంటు తిరిగి రావడానికి రోజులు పట్టింది, లోపలి ఊళ్లకి ఇంకా ఎక్కువ. అప్పటికి చిన్నాన్న సైకిలు తొక్కుకుంటూ తోటకి వెళ్లి వచ్చే మనిషి. ఇప్పుడాయనకి సీఓపీడీ, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు. ఇంట్లో బీ-టైప్ సిలిండరు ఒకటి నిండుగా పెట్టాం. అందులో 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 2 లీటర్ల లెక్కన పన్నెండున్నర గంటలు. అంటే ఒక రాత్రి, ఇంకొంచెం. తర్వాత దాన్ని నింపించాలంటే రోడ్డు ఉండాలి. ఎన్ని బ్యాటరీలు పెట్టినా ఆ సిలిండరు ఇంట్లోంచి కదలదు. ఈ పెట్టె పని దాన్ని ఆఖరి దాకా ముట్టుకోనక్కర్లేకుండా చూడటం.

ఫ్యాక్టరీలో చేసినవి ఎందుకు కొనలేదని తమ్ముడు అడిగాడు. వాటిని బాగా చూశాను, నేర్చుకోవాల్సింది ఉంది. ఉదాహరణకి ఎకోఫ్లో డెల్టా 2లో 1024 వాట్-అవర్లు ఉంటే, అంతే ఉన్న ఎక్స్‌ట్రా బ్యాటరీని ఒక లావు కేబుల్‌తో పక్కన తగిలించుకోవచ్చు. ఆ కేబుల్లో కరెంటుతో పాటు మాటలు కూడా నడుస్తాయి. ఎక్స్‌ట్రా బ్యాటరీలో ఉన్న బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్) తన వోల్టేజీ ఎంతో, వేడి ఎంతో మెయిన్ పెట్టెకి చెబుతుంది. అన్నీ సరిపోయాకే కరెంటుకి దారి తెరుచుకుంటుంది. కొన్నవాళ్లు ప్లగ్గు పెట్టి వదిలేస్తారు. సొంతంగా కట్టుకున్న పెట్టెకి ఆ మాట్లాడే వైరు లేదు. అది చేసే పనిని మల్టీమీటరుతో, ఓపికతో మనమే చెయ్యాలి. అయినా నేను ఇటే మొగ్గాను. పాడైతే విప్పి బాగు చేసుకోవచ్చు, విడి భాగాలు విశాఖలో దొరుకుతాయి. రేపు తుపానులో ఏదైనా ఆగిపోతే అది ఎక్కడ ఆగిందో నాకు తెలుస్తుంది.

మూడు బ్యాటరీలనీ ఒకే పెద్ద పెట్టెలో పెట్టొచ్చు కదా అన్నది ఇంకో ప్రశ్న. పెట్టొచ్చు, కానీ అది యాభై కిలోలు అవుతుంది, ఇద్దరు పట్టాలి. రోడ్డు మీద చెట్లు పడి ఉంటే ఆటో రాదు, చేత్తోనే మోసుకెళ్లాలి. మెయిన్ పెట్టె ఇరవై కిలోలు, అదనపు పెట్టెలు పదమూడు కిలోల చొప్పున విడిగా ఉంటే ఒక్కో మనిషి ఒక్కోటి పట్టుకుని పడిన చెట్ల మీదుగా దాటగలడు. పోర్టబుల్ అన్న మాటకి మా ఊళ్లో అర్థం అదే.

జూన్ చివర

బ్యాటరీ షాపు అన్నతో చిన్న వాదన. "మీ ఇంట్లో ఇన్వర్టర్ ట్యూబులర్ 150 ఏహెచ్‌ది ఖాళీగా ఉంది కదా, దాన్నే ప్యారలల్లో కొట్టేయ్, పైసా ఖర్చు లేదు" అన్నాడు. అభిమానంతో చెప్పిన మాటే, కానీ అలా చెయ్యకూడదు. నిండిన ట్యూబులర్ (లెడ్-యాసిడ్) బ్యాటరీ తీరిగ్గా ఉన్నప్పుడు 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 13.3 దగ్గర ఉంటుంది. రెండూ కలిపితే లిథియం ఎప్పుడూ లెడ్ లోకి పోస్తూనే ఉంటుంది. లోడు లేకపోయినా సరే. ఛార్జింగ్ వోల్టేజీలు వేరు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) వేరు. ఒకదానికి సరిగ్గా పెడితే ఇంకోదానికి తప్పవుతుంది. పైగా ఆ ట్యూబులర్ బరువు అరవై కిలోలకి దగ్గర. ఇదంతా చెబితే అన్న కాసేపు ఆలోచించి, "అయితే ఒకే రకంవి, ఒకే ఏహెచ్‌వి కొనుక్కో" అన్నాడు. సరిగ్గా అదే కావాలి: ఒకే కెమిస్ట్రీ, ఒకే వోల్టేజీ, వీలైతే ఒకే కెపాసిటీ. పాతదీ కొత్తదీ కలవడం గురించి భయపడేవాళ్లున్నారు. ఈ కెమిస్ట్రీలో రెండేళ్ల తేడా పెద్ద అడ్డంకి కాదు. పాతదాని లోపలి రెసిస్టెన్స్ కాస్త ఎక్కువైతే తన వాటా కాస్త తక్కువ మోస్తుంది, అంతే.

రెండు బ్యాటరీలకి ఆర్డరు పెట్టాను.

జూలై

బ్యాటరీలు వచ్చాయి. ఒకటి 13.1, ఇంకోటి 13.2 వోల్టులు చూపిస్తున్నాయి. అమ్మినతను ఫోన్లో "దాదాపు సమానమే కదా సార్, కలిపేయండి, ఏం కాదు" అన్నాడు.

ఇక్కడ కొంచెం నిదానంగా రాస్తాను, ఎందుకంటే అదనపు బ్యాటరీ కలిపేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి వోల్టేజీ గీత మధ్యలో బల్లపరుపుగా ఉంటుంది. ఇరవై శాతం ఛార్జీ నుంచి ఎనభై దాకా తేడా మహా అయితే 0.3 వోల్టులు. 13.1 చూపే బ్యాటరీలో నలభై శాతం ఉండొచ్చు, 13.2 చూపేదానిలో డెబ్బై ఉండొచ్చు. మీటరు మీద పక్కపక్కన కనిపిస్తాయి, లోపల మాత్రం ముప్ఫై ఏహెచ్‌ల దూరం. కాబట్టి వోల్టేజీ కలిసింది కదా అని కలపకూడదు. ప్రతి బ్యాటరీనీ విడిగా, పూర్తిగా నింపాలి. 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి, కరెంటు రెండు మూడు ఆంపియర్లకి పడిపోయేదాకా అక్కడే పట్టి ఉంచి, ఆపేసి, కొన్ని గంటలు వదిలేయాలి. అప్పుడు మూడూ 13.3కి పైన ఒకే చోట నిలబడితే, అవి నిజంగా సమానం. నిండుగా ఉన్నప్పుడు తప్ప ఈ బ్యాటరీ తన సంగతి వోల్టేజీలో చెప్పదు.

మొదటి కొత్త బ్యాటరీ ఇలా బుద్ధిగా నిండింది. రెండోది మొండికేసింది. 13.8 దాటగానే ఛార్జింగ్ టక్కున ఆగిపోతోంది. దీని బీఎంఎస్‌లో బ్లూటూత్ ఉండబట్టి కారణం కనిపించింది: నాలుగు సెల్స్‌లో ఒకటి 3.65 తాకేసింది, మిగతా మూడూ 3.38 దగ్గరే ఉన్నాయి. ఒక సెల్ నిండిపోతే బీఎంఎస్ మొత్తానికే తలుపు వేసేస్తుంది. వెయ్యాలి కూడా. అమ్మినతను "వాడుతుంటే అదే సర్దుకుంటుంది" అన్నాడు. సగం నిజం. ఈ బీఎంఎస్‌లో బ్యాలెన్సింగ్ ఉంది, కానీ అది పదుల మిల్లీ ఆంపియర్లలో జరిగే పని, పైగా సెల్ బాగా నిండినప్పుడే మొదలవుతుంది. ఒక్క ఏహెచ్ తేడా సర్దడానికి దానికి ఒక రోజంతా పడుతుంది. 20 ఆంపియర్ల ఛార్జరుతో తోస్తుంటే దానికి ఆ టైమే దొరకదు.

బెంచి పవర్ సప్లయి తెచ్చి 13.7 వోల్టులకి, 1 ఆంపియర్‌కి కట్టేసి వదిలేశాను. రోజుల తరబడి. పొద్దున్నే టీ తాగుతూ ఫోన్లో సెల్స్ చూడటం, సాయంత్రం మళ్లీ చూడటం. ఎత్తుగా ఉన్న సెల్ మెల్లగా దిగుతోంది, మిగతా మూడూ ఎక్కుతున్నాయి. తేడా 0.27 నుంచి 0.10కి, తర్వాత 0.04కి వచ్చింది. అప్పుడు వోల్టేజీని కొంచెం కొంచెంగా 14.2 దాకా పెంచాను. ఇప్పుడు ఆగకుండా నిండుతోంది. ఇది కలిపేశాక కనిపించి ఉంటే మూడింటిలో ఏది ఆగుతోందో, ఎందుకు ఆగుతోందో వెతుక్కోవాల్సి వచ్చేది. అందుకే అదనపు బ్యాటరీ ఎంత కొత్తదైనా ముందు ఒంటరిగా నింపి, ఒంటరిగా ఖాళీ చేసి చూడాలని నా గట్టి అభిప్రాయం. నింపాక రెండింటినీ బల్బుల లోడు మీద ఖాళీ చేయించాను. రెండూ చెప్పిన 100 ఏహెచ్‌కి అటూ ఇటూగా ఇచ్చాయి. మళ్లీ నింపి పక్కన పెట్టాను.

ఆగస్టు

వైరింగ్. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

అందరూ మొదట చేసేది ఒక బ్యాటరీ నుంచి పక్కదానికి, దాన్నుంచి ఇంకో పక్కదానికి గొలుసుకట్టుగా కలపడం. కేబుల్ తక్కువ పడుతుంది, చూడ్డానికి నీటుగా ఉంటుంది. అది నిజంగా ఎంత తేడా తెస్తుందో కళ్లారా చూద్దామని, ఇంట్లో ఉన్న 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, ఆండర్సన్ కనెక్టర్లతో (లావు డీసీ కేబుళ్లకి వాడే ప్లగ్గులు) బెంచి మీద అలాగే కలిపాను. లోడుగా వంద వాట్ల పాతకాలపు బల్బులు మూడు. డీసీ క్లాంప్ మీటరు (కేబుల్ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఒక్కో బ్యాటరీ కేబుల్‌కి తగిలిస్తే ఇన్వర్టరుకి దగ్గరున్నది 11.8 ఆంపియర్లు, మధ్యది 8.1, చివరిది 6.5 ఇస్తున్నాయి. చివరిదాని కంటే మొదటిది దాదాపు రెట్టింపు మోస్తోంది. కారణం చిన్నదే. ఒక్కో బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ బీఎంఎస్‌తో కలిపి పది పన్నెండు మిల్లీ ఓములు ఉంటే, ఒక్కో లింకులో కేబులూ కనెక్టర్లూ కలిసి మూడు మిల్లీ ఓములు చేరుస్తున్నాయి. పావువంతు! బల్బులకి పర్వాలేదు కానీ, ఏళ్ల తరబడి మొదటి బ్యాటరీయే ఎక్కువ అరుగుతుంది.

మెయిన్ పెట్టె పక్కకి రాగి బస్‌బార్లు (కేబుళ్లన్నీ ఒకచోట కలిసే పట్టీలు) రెండు బిగించాను, ప్లస్‌కి ఒకటి, మైనస్‌కి ఒకటి. మూడు బ్యాటరీల నుంచీ 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, మూడూ ఒకే పొడవు. పాత బ్యాటరీ బస్‌బార్‌కి జానెడు దూరంలోనే ఉంది, అయినా దానికీ అంతే పొడవు కేబుల్ పెట్టి చుట్ట చుట్టాను. తమ్ముడు "ఎందుకన్నయ్యా వేస్టు" అన్నాడు. మళ్లీ అవే బల్బులు, అదే క్లాంప్ మీటరు: 9.0, 8.8, 8.6. ఇంక వాడేమీ అనలేదు.

లగ్గుల (కేబుల్ చివర నొక్కే లోహపు కొనలు) గురించి ఒక మాట. మాది సముద్రపు గాలి, రాగి రెండు వానాకాలాలకే పచ్చబడుతుంది. తగరం పూత ఉన్న లగ్గులే తెప్పించాను. ఇన్సులేషన్ లగ్గు గొట్టం లోతుకి సరిపోయేంతే కోసి, ఒక్క పోగు కూడా బయట మిగలకుండా దూర్చి, హైడ్రాలిక్ క్రింపర్‌తో సరైన డై పెట్టి నొక్కాలి. సరిగ్గా పడితే చేతికి తెలుస్తుంది: లివరు ఆఖర్న గట్టిపడి, డైలు రెండూ ఒకదాన్నొకటి తాకుతాయి. తర్వాత వైసులో లగ్గు బిగించి కేబుల్ని ఒంటి బరువంతా వేసి లాగి చూశాను. జారినది పారేయడమే. పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్, గాలి చొరకుండా. సుత్తితో కొట్టి, సోల్డరు పోసి సరిపెట్టే పద్ధతి మా బజార్లో మామూలే. బండి బ్యాటరీకి చెల్లుతుందేమో, మనిషి ఊపిరి నడిచే కేబుల్‌కి నేను ఒప్పుకోను.

ఫ్యూజులు. "బీఎంఎస్ ఉంది కదా, షార్ట్ అయితే అదే ఆపుతుంది" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. బీఎంఎస్‌లో కరెంటు ఆపేవి మాస్‌ఫెట్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు. అవి కాలిపోయినప్పుడు ఎక్కువసార్లు అతుక్కునే పోతాయి, అంటే దారి తెరిచే ఉండిపోతుంది. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి. మూడు ప్యారలల్లో ఉన్నప్పుడు ఒకదానిలో షార్ట్ వస్తే మిగతా రెండూ దానిలోకి పోస్తాయి. అందుకే ఒక్కో అదనపు బ్యాటరీకి దాని ప్లస్ దగ్గరే 80 ఆంపియర్ల ఫ్యూజు, ఇన్వర్టరు కేబుల్‌కి 125 ఆంపియర్ల క్లాస్-టీ ఫ్యూజు పెట్టాను. క్లాస్-టీ 20 వేల ఆంపియర్లని కూడా తెంపగలదు. ఆటో స్టోర్లో దొరికే మామూలు ఫ్యూజు ఆ దెబ్బకి లోపల నిప్పుతీగ లేచి మండుతూనే ఉండొచ్చు. ఖరీదెక్కువే, వెనకాడలేదు.

అదనపు పెట్టెల మూతల మీద బ్రేకరు, వోల్ట్ మీటరు, ఆండర్సన్ సాకెట్. బ్రేకర్ల దగ్గర జాగ్రత్త: సోలార్ షాపుల్లో ఇచ్చే డీసీ ఎంసీబీలు చాలావరకు ప్లస్ మైనస్ గుర్తులతో వస్తాయి, కరెంటు ఒకవైపు నుంచే వెళ్లాలి. అదనపు బ్యాటరీకి కరెంటు రెండువైపులా నడుస్తుంది, పగలు లోపలికి, రాత్రి బయటికి. గుర్తులున్న బ్రేకరు ఎదురు కరెంటులో తెగేటప్పుడు లోపలి నిప్పుని ఆర్పలేదు. నాన్-పోలరైజ్డ్ అని అడిగి తీసుకోవాలి.

ఛార్జీ చూపే పాత మీటరు తీసేశాను. అది వోల్టేజీని బట్టి శాతం చూపే రకం, పైన రాసిన బల్లపరుపు గీత మీద అది చెప్పేది ఊహే. మైనస్ బస్‌బార్‌కీ ఇన్వర్టరుకీ మధ్య షంట్ (కరెంటు కొలవడానికి వాడే చిన్న రెసిస్టరు) పెట్టి, లోపలికొచ్చే, బయటికెళ్లే ఆంపియర్లని లెక్కపెట్టే మీటరు అమర్చాను. కంట్రోలరు మైనస్ కూడా షంట్ అవతలి వైపు నుంచే రావాలి, లేకపోతే పగలు నిండింది లెక్కలోకి రాదు. కెపాసిటీ 300 ఏహెచ్ అని పెట్టాను.

ఆగస్టు ఆఖరి ఆదివారం

కలిపిన రోజు. మూడూ నిండి, రాత్రంతా తీరిగ్గా ఉన్నాయి: 13.36, 13.37, 13.36. అయినా నేరుగా బ్రేకర్ వెయ్యలేదు. ఒక 55 వాట్ల హెడ్‌లైట్ బల్బుకి రెండు క్లిప్పులు తగిలించి బ్రేకరు రెండు కాళ్ల మధ్య పెట్టాను. బల్బు మధ్యలో ఉంటే ఎంత తేడా ఉన్నా కొద్ది ఆంపియర్లకి మించి పారవు. క్లాంప్ మీటరు సున్నా దగ్గరే ఉంది. బ్రేకర్ వేశాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కావలసింది. రెండోదీ అలాగే.

ఇన్వర్టరు కలిపేటప్పుడు అదే బల్బు వేరే సంగతి చూపించింది. క్లిప్పు తాకగానే భగ్గున వెలిగి, అర సెకనులో ఆరిపోయింది. ఇన్వర్టరు లోపలి కెపాసిటర్లు నిండటం అది. బల్బు లేకుండా నేరుగా తగిలిస్తే ఆ దూకుడంతా టెర్మినల్ దగ్గర నిప్పురవ్వగా లేచి, లగ్గుని కొరికేస్తుంది. తమ్ముడు అది చూసి రెండోసారి వాడే తగిలించి చూశాడు.

సెప్టెంబరు

బ్యాటరీలు మూడింతలైనంత మాత్రాన రాత్రులు మూడింతలు కావు. కుళాయి ధార సన్నగానే ఉంటే ఎన్ని బిందెలు పెట్టినా పొద్దుగూకేసరికి నిండేది ఒక్కటే. 335 వాట్ల ప్యానెల్‌కి మా దగ్గర మంచి ఎండలో అయిదు గంటల నిండు ఎండ లెక్కేసి, వేడికీ దుమ్ముకీ పావువంతు తీసేస్తే రోజుకి 1250 వాట్-అవర్లు. అంటే సరిగ్గా ఒక బ్యాటరీ. అదనపు బ్యాటరీలు అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు, కొనేవాళ్లు అడగరు. నా ఖర్చులో సగం నిజానికి ఈ వైపే పెట్టాల్సి వచ్చింది.

ఇంకో 335 వాట్ల ప్యానెల్ తెచ్చాను. పాత 30 ఆంపియర్ల కంట్రోలరు ఈ వోల్టేజీ దగ్గర 400 వాట్లకి మించి ఇవ్వలేదు కాబట్టి దాన్ని తీసి 50 ఆంపియర్ల ఎంపీపీటీ పెట్టాను, ప్యానెల్ వైపు 100 వోల్టుల దాకా తట్టుకునేది. రెండు ప్యానెళ్లనీ సిరీస్‌లో వేస్తే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (లోడు లేనప్పటి వోల్టేజీ) 92 దాకా వస్తుంది, చలికాలం పొద్దున ఇంకో రెండు మూడు పెరుగుతుంది. వంద లోపే, కానీ గీత మీద నడవడం నాకిష్టం లేదు. పైగా పెరట్లో కొబ్బరి చెట్లు. సిరీస్‌లో ఒక ప్యానెల్ మీద మట్ట నీడ పడితే రెండోదీ కుంటుతుంది. ప్యారలల్‌లో వేశాను. దక్షిణం వైపు, పద్దెనిమిది పంతొమ్మిది డిగ్రీల వాలు, మా అక్షాంశం అంతే. కాళ్లు మడిచే స్టాండు మీద పెట్టాను, పైకప్పుకి బిగించలేదు. తుపాను హెచ్చరిక వస్తే విప్పి లోపల గోడకి ఆనించెయ్యాలి.

ఛార్జింగ్ 14.2 వోల్టులకి, ఫ్లోట్ 13.5కి పెట్టాను. 14.6 దాకా నెట్టొచ్చు, కానీ ఆ ఆఖరి మెట్టులో దొరికే ఛార్జీ చాలా తక్కువ, ఏదో ఒక సెల్ ముందుగా గీత దాటి బీఎంఎస్ ఆపేసే అవకాశం ఎక్కువ.

అదే నెల, రాత్రి పరీక్ష

కరెంటు ఉన్న రోజునే, సిలిండరు మంచం పక్కనే పెట్టుకుని, చిన్నాన్న ఒప్పుకున్నాకే. రాత్రి 9కి మిషన్ని గోడ ప్లగ్గు నుంచి తీసి పెట్టెకి తగిలించాను. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ఇన్వర్టరు ఒక్కసారి మూలిగి సర్దుకుంది. మీటరు 300 ఏహెచ్ దగ్గర మొదలు. అర్ధరాత్రికి 220. మూడింటికి 139. ఆరింటికి 57. వోల్టేజీ లోడు మీదే 12.8. బస్‌బార్ లగ్గుల మీద థర్మామీటరు గన్ను పెడితే గది వేడి కంటే మూడు నాలుగు డిగ్రీలే ఎక్కువ. చిన్నాన్న లేచి కూర్చుని, "రాత్రి కరెంటు పోలేదేటి?" అని అడిగారు. పరీక్ష రాత్రే అని మర్చిపోయారు. ఆయన వేలికి పల్స్ ఆక్సీమీటరు పెడితే రోజూ ఉన్నట్టే ఉంది.

పిన్ని మాత్రం నాకంటే ముందుకి ఆలోచించింది. "నువ్వు ఊళ్లో లేనప్పుడు ఇది నాతో అవుద్దా నాయినా?" ఈ పెట్టె ఆమె చేతిలో నడవకపోతే నేను చేసిందంతా వృథా. అందుకని ఇంట్లో ఉన్నంతకాలం మూడూ ఎప్పుడూ కలిసే ఉండేలా పెట్టాను. విడదీసేది మోసుకెళ్లాల్సి వచ్చినప్పుడే. తిరిగి కలిపేటప్పుడు ఆమెకి ఒకటే నియమం: మూడు మూతల మీదా మీటర్లు 13.3 గానీ అంతకంటే ఎక్కువ గానీ చూపితేనే బ్రేకర్లు వెయ్యాలి, లేకపోతే నాకు ఫోన్ చెయ్యాలి, ఫోన్ కలవకపోతే మెయిన్ పెట్టె ఒక్కదానితోనే నడిపించుకోవాలి. కలపని బ్యాటరీలు ఎక్కడికీ పోవు, మెయిన్‌ది అయిపోయాక దాన్ని విప్పి ఇంకోదాన్ని ఒంటరిగా తగిలించుకోవచ్చు. దీన్ని పెద్ద అక్షరాలతో రాసి మూత లోపల అంటించాను. ప్లగ్గులకి ఎర్ర టేపు, పసుపు టేపు. రెండోసారి ఆమె నన్ను అడక్కుండానే చేసింది. ఇన్వర్టరు వాడనప్పుడు ఆపెయ్యాలని కూడా చెప్పాను. ఊరికే వెలుగుతూ ఉన్నా పది పన్నెండు వాట్లు తింటుంది, రోజుకి పావు యూనిట్ పైనే.

అక్టోబరు, దసరాకి ముందు

తుపానుకి ఏ రోజు ఏం చెయ్యాలో రాసిపెట్టుకున్నాను. వాతావరణ శాఖ తీరంలో గాలీవానా మొదలవడానికి 72 గంటల ముందు ప్రీ-సైక్లోన్ వాచ్, 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్, 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్ ఇస్తుంది. నా కరెంటు ఛార్జరు 20 ఆంపియర్లది, 300 ఏహెచ్ అడుగు నుంచి నింపాలంటే పదిహేను గంటలు. వార్నింగ్ వచ్చాక మొదలుపెడితే, గాలి పెరగ్గానే ముందు జాగ్రత్తగా లైన్లు ఆపేస్తారు, సగంలో ఆగిపోతాం. కాబట్టి మాకు గంట కొట్టేది అలర్ట్ రోజున. ఎండాకాలంలో బ్యాటరీలు అరవై శాతం దగ్గర ఉంచుతాను, ఎప్పుడూ నిండుగా వేడి గదిలో ఉంచితే వాటి వయసు తగ్గుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం నిండుగానే.

మిగిలిన లోటు ఒకటుంది. రాత్రికి 243 ఏహెచ్ పోతోంది, రెండు ప్యానెళ్లు మంచి ఎండలో 190 దాకా తిరిగి ఇస్తున్నాయి. కరెంటు అసలే లేకపోతే రెండో రాత్రి తెల్లారేసరికి మీటరు అడుగంటుతుంది. మూడో రాత్రి తెల్లారకముందే సిలిండరు తియ్యాలి. ఇంకో బ్యాటరీ కలిపితే ఈ లోటు ఒకటి రెండు రాత్రులు వెనక్కి జరుగుతుందంతే, పోదు. కావలసింది మూడో ప్యానెల్. మిట్టమధ్యాహ్నం కంట్రోలరు 50 ఆంపియర్ల దగ్గర కత్తిరించేస్తుంది, కానీ పొద్దుటా సాయంత్రం, మబ్బు పట్టిన రోజుల్లో ఆ మూడోది పూర్తిగా పనికొస్తుంది. మూడూ ప్యారలల్లో షార్ట్ సర్క్యూట్ కరెంటు 28 ఆంపియర్లు, కంట్రోలరు తట్టుకునే హద్దుకి చాలా లోపలే. మూడు కలిసినప్పుడు ఒక్కోదానికి 15 ఆంపియర్ల ఫ్యూజు పడాలి, ఒకటి పాడైతే మిగతా రెండూ దానిలోకి పొయ్యకుండా. ప్యానెల్ ఆర్డరు పెట్టాను, ఫ్యూజులూ, ప్యానెల్ కేబుళ్లని కలిపే ఎంసీ4 వై-కనెక్టర్లూ వచ్చేశాయి. స్టాండుకి మూడో జత కాళ్లు వెల్డింగ్ షాపులో ఉన్నాయి, బుధవారం తీసుకెళ్లమన్నారు.